మూడో తరగతి కీర్తి పతకం

ముసలామె చేతిరుమాలు ముడి విప్పుతుండగా మంచు పడడం మొదలైంది. తిబిలిసీ నగరంలో ఎండు వంతెన అనే పాత వంతెన మీద శనివారం సంత. గయోజ్ నేలమీద పరుచుకున్న దుప్పటి మీది సరుకుకు ప్లాస్టిక్ కాగితం కప్పుతూ తలెత్తకుండానే అడిగాడు.

"ఏం తెచ్చావు మామ్మా? చెంచాలైతే అదిగో, ఆ చివర తీసుకుంటారు."

"చెంచాలు కావు" అందామె.

రుమాల్లోంచి వెండి నక్షత్రం ఒకటి బయటపడింది. నారింజ, నలుపు చారల రిబ్బను అంచుల దగ్గర పీచు లేచిపోయి ఉంది. గయోజ్ దాన్ని ఒకసారి తిప్పి చూసి, పక్కనే నిలబడి ఉన్న ఎల్గుజా చేతిలో పెట్టాడు. ఆ వంతెన మీద ఎవరికి ఏ పతకం దొరికినా ముందు ఎల్గుజా చేతికే వెళ్ళేది. అతను ఊళ్ళో ఒక దంత వైద్యశాలలో పళ్ళ సెట్లు చేసేవాడు. వారమంతా మైనంతోనూ ప్లాస్టర్‌తోనూ గడిపి, శనివారం వచ్చేసరికి కంటికి బిగించుకునే భూతద్దం జేబులో వేసుకుని ఇక్కడికి వచ్చేసేవాడు. సోవియట్ సైన్యం ఇచ్చిన పతకాలు పోగుచేయడం అతని పిచ్చి. పోగుచేసి ఊరుకోడు. వెనకవైపు చెక్కిన నంబరు పట్టుకుని, అది మొదట ఎవరి గుండెమీద పెట్టారో, ఏం చేసినందుకు పెట్టారో కనుక్కునేదాకా అతనికి నిద్ర పట్టదు.

ఎల్గుజా అద్దం కంటికి పెట్టుకున్నాడు. వెనక కింది కోణం మీద ఆరంకెల నంబరు, దానికి అడ్డంగా సన్నటి గీత. ఎవరూ రుద్ది మెరుగు పెట్టలేదు. మంచి సరుకే.

"కీర్తి పతకం, మూడో తరగతి. మీ ఆయనదా?" అని అడిగాడు.

"నాది."

గయోజ్ పకపకా నవ్వాడు. "విన్నావురా!" అని పక్కన టీ కాచే సమోవార్లు అమ్ముకునేవాణ్ణి కూడా పిలిచాడు. "మామ్మా, ఇది వంటింట్లో పంచిపెట్టింది కాదు. ముందు వరసలో బురదలో పాకినవాళ్ళకిచ్చింది. నువ్వెక్కడ పాకావు, మంచం కిందా?"

ముసలామె అతనికేసి చూడలేదు. అద్దం పెట్టుకున్న ఎల్గుజాకేసే చూస్తోంది.

"దీంతోపాటు ఇచ్చిన పుస్తకం ఉందా? పేరు రాసి ఉంటుంది" అన్నాడతను.

"కాల్చేశాను."

"సొంతదైతే ఎవరన్నా కాల్చుకుంటారా!" అన్నాడు గయోజ్.

ఎల్గుజాకు ఆమె మీద జాలేసింది. సోవియట్ దేశం కూలిన తర్వాతి ఆ చలికాలం ఇలాంటివాళ్ళని వారానికి పదిమందిని చూస్తున్నాడు. అమ్ముకోవడానికి సిగ్గుపడి రకరకాల కథలు చెప్పేవాళ్ళు. అతను అద్దం తీసి జేబులో పెట్టుకుని మెల్లగా అన్నాడు.

"అమ్మా, మీ ఆయనదని చెప్పడంలో తప్పేమీ లేదు. ఈ రోజుల్లో ఎవరు అమ్ముకోవడం లేదు చెప్పండి. ఆయన ఆత్మ కూడా ఏమీ అనుకోదు."

ఆమె ఏదో అనబోయి నోరు తెరిచింది. పైవరసలో కుడివైపు కోరపంటికి స్టీలు తొడుగు తళుక్కుమంది. ఆ పని ఎవరో మొరటుగా చేశారని ఎల్గుజాకు అప్పటికప్పుడే అనిపించింది కూడా. కానీ మాట రాలేదు.

"సరే. మా ఆయనదే" అంది.

ఎల్గుజా ఇచ్చిన డబ్బును లెక్క చూసుకోకుండానే రుమాల్లో చుట్టుకుని, మంచులో అడుగులు జారకుండా వంతెన దిగి వెళ్ళిపోయింది. ఎల్గుజా నోటుపుస్తకం తీసి నంబరు రాసుకుని, పక్కన 'భర్తది, భార్య అమ్మింది' అని చేర్చాడు.

అక్టోబరులో మాస్కో నుంచి కవరు వచ్చింది. అక్కడ ఉండే పరిచయస్తుడొకాయన అతని కోసం సైనిక ఆర్కైవులో పాత కార్డులు వెతికించి, నకళ్ళు ఎవరన్నా విమానంలో వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. గురువారం మధ్యాహ్నం ఒక పై దవడ అచ్చు ఆరబెట్టి, ఆరేలోపల ఎల్గుజా కవరు చింపాడు. తొమ్మిది కాగితాలు. అయిదోది ఆ వెండి నక్షత్రానిది.

రష్యన్‌లో క్రియను చూస్తేనే చేసింది ఆడో మగో తెలిసిపోతుంది. ఎల్గుజా కళ్ళు ముందు క్రియల మీదే పడ్డాయి. వెళ్ళింది, మోసింది, నిరాకరించింది. ఎవరో టైపు తప్పు కొట్టారనుకున్నాడు. తర్వాత పైకి చూశాడు. లోబ్జానిద్జె దారెజాన్, సార్జెంటు, దళ వైద్య సహాయకురాలు, పుట్టింది 1923, రాచా కొండల్లో ఫలానా పల్లె.

అచ్చు ఆరిపోయింది, పగిలింది కూడా. అతను గమనించలేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి మళ్ళీ మొదటినించీ చదివాడు. ఆ మంచులో నిలబడి తనకేసే చూసిన ముఖాన్ని గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాడు. ముఖం రాలేదు. స్టీలు పన్ను మాత్రం వచ్చింది. మాట అనబోయి ఆగిపోయిన నోరు వచ్చింది.

ఆ సాయంత్రం గయోజ్ ఇంటికి వెళ్ళి కాగితం చూపించాడు. గయోజ్ చెవి గోక్కుంటూ రెండుసార్లు చదివాడు.

"అయితే ఆమెదేనన్న మాట" అన్నాడు. "మరి ఆ రోజే గట్టిగా చెప్పొచ్చుగా?"

"చెప్పిందిరా."

"ఆ, చెప్పిందనుకో..." గయోజ్ కాగితం తిరిగి ఇచ్చేశాడు. "ఇప్పుడేం చేస్తావు?"

"తిరిగి ఇచ్చేస్తాను. కొడుకులుంటే కొడుకుల ముందు, మనవలుంటే మనవల ముందు ఈ కాగితం చదివి మరీ ఇస్తాను."

"నాకు ఒక్క పతకం కూడా వదిలిపెట్టని నువ్వు!" అన్నాడు గయోజ్. కానీ నవ్వలేదు.

పెళ్ళయ్యాక ఆమె ఇంటిపేరు ఏమైందో కాగితంలో లేదు కనక ఎల్గుజా శుక్రవారం సెలవు పెట్టి రాచా వెళ్ళే వ్యాను ఎక్కాడు. కొండ మలుపుల్లో పక్కవాళ్ళ భుజాల మధ్య ఇరుక్కుని కూర్చుని, మోకాలి మీద నోటుపుస్తకం పెట్టుకుని ఆ రష్యన్ కాగితాన్ని జార్జియన్‌లోకి రాసుకున్నాడు. రేపు చదివి వినిపించేటప్పుడు తడుముకోకూడదని.

పల్లెలో రెండో ఇంట్లోనే ఆచూకీ దొరికింది. దారెజాన్ వదిన వర్దో ముంగిట్లో కూర్చుని అక్రోట్ల పచ్చి తొక్కలు ఒలుస్తోంది. ముంజేతులదాకా నల్లటి మరకలు.

"దారెజానా? మా ఆడపడుచే. నీకామెతో ఏం పని నాయనా?"

"యుద్ధం రోజుల సంగతి కొంచెం అడుగుదామని..."

"యుద్ధం రోజులా!" వర్దో చేతిలోని కాయ పక్కన పడేసింది. "మా దారెజాన్ ఆస్పత్రిలో గుడ్డలుతికింది. సోచీలోనో, ఎక్కడో. యుద్ధానికి వెళ్ళిన ఆడవాళ్ళు వేరే రకంలే, వాళ్ళ సంగతి అందరికీ తెలుసు. మాది అలాంటి కొంప కాదు. యుద్ధం గురించి కావాలంటే ఆమె మొగుణ్ణి అడగాల్సింది నువ్వు. సెవెరియాన్. మే నెలలో విజయదినం పండగ వచ్చిందంటే కోటు మీద పతకం పెట్టుకుని నిలబడేవాడు, బడిపిల్లలు పూలిచ్చేవాళ్ళు. ఒక్క గొప్ప చెప్పుకున్న పాపాన పోలేదు. అట్లాంటి మనిషి కన్ను మూసి ఏడాది తిరక్కుండా, మహాతల్లి ఆ పతకాన్ని సంతలో అమ్మేసింది."

ఎల్గుజా జేబులో చెయ్యి పెట్టుకున్నాడు. నక్షత్రం కొనలు అరచేతికి గుచ్చుకున్నాయి.

"ఎందుకు అమ్మారట?"

"మనవరాలికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది, మందులకట. మా ముర్మాన్, ఆమె కొడుకు, అప్పుడు ఊళ్ళో లేడు. వచ్చి తెలుసుకుని ఒకటే మాటన్నాడు, నాన్న రక్తం అమ్మేశావన్నాడు. అప్పట్నించి తల్లితో ఒక టేబులు దగ్గర కూర్చుని తినడు. పళ్ళెం తీసుకుని వేరే గదిలోకి పోతాడు. నేనైనా అంతే చేస్తాను."

అన్నీ అని, చిరునామా చెప్పింది. అతను బయల్దేరబోతుంటే ఒలిచిన అక్రోట్లు ఒక సంచీడు కట్టి ఇచ్చింది. "ఇవి ఆమెకివ్వు. ఆ ఊళ్ళో ఏం దొరికి చస్తున్నాయో" అంది.

తిరిగి వచ్చే దారంతా ఎల్గుజాకు లోపల ఉడికిపోయింది. ఒక్క కాగితం ముక్కతో ఆ ఇంట్లో అన్యాయాన్ని కడిగేయగలనని నమ్మాడు. కొడుకు ముఖం ఎలా మారుతుందో కూడా ఊహించుకున్నాడు. రాచాలో మనుషులు ఆ పతకం కథ ఇంకో రకంగా చెప్పడానికి కారణం ఏమై ఉంటుందో మాత్రం ఆలోచించలేదు.

ఆదివారం పగలు తిబిలిసీ శివారులోని గ్ల్దానీ పేటలో కరెంటు లేదు, లిఫ్టు లేదు. తొమ్మిది అంతస్తులు ఎక్కి రొప్పుతూ తలుపు తట్టాడు. తలుపు తెరిచినామె నోరు తెరవగానే స్టీలు పన్ను కనబడింది.

"సంతలో కంటికి అద్దం పెట్టుకుని చూసింది నువ్వే కదూ" అంది దారెజాన్.

"నేనేనమ్మా."

"లోపలికి రా. మా వాడు కిరసనాయిలు లైనులో ఉన్నాడు, వచ్చేస్తాడు."

వంటగదిలో కిరసనాయిలు స్టవ్వు మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి. అక్రోట్ల సంచీ చూడగానే ఎవరిచ్చారో అడక్కుండానే "వర్దో ఇంకా బతికే ఉంది పాపం" అని రోట్లో నాలుగు వేసి దంచడం మొదలుపెట్టింది. ఎల్గుజా టేబులు మీద కాగితం పెట్టాడు. దాని మీద నక్షత్రం పెట్టాడు. రోకలి ఆగింది.

"ఆ రోజు మీరు నిజం చెప్తే నేను మీ నోరు మూయించాను. మన్నించండి" అన్నాడు. "మీ అబ్బాయికి నేనే చెప్తాను. మీ పేరుంది, నంబరుంది. ఇంక మిమ్మల్ని ఎవరూ పల్లెత్తు మాట అనరు."

ఆమె చేతులు తుడుచుకుని కాగితం తీసుకుంది. చదవలేదు. నాలుగు మడతలు పెట్టి ఏప్రను జేబులో వేసుకుంది.

"చెప్పి?"

"నిజం తెలుస్తుంది కదమ్మా."

"వాడికి నిజం తెలిస్తే వాడి నాన్న ఏమవుతాడు?"

దారెజాన్ మళ్ళీ రోకలి పట్టుకుని, దంచుతూనే చెప్పింది.

"సెవెరియాన్ మంచివాడు. పెళ్ళికి ముందే అంతా చెప్పాను. విన్నాడు, ఇంకెప్పుడూ అడగలేదు. అతని ఊపిరితిత్తులు మంచివి కావని సైన్యంలోకి తీసుకోలేదు. గోదాములో కాపలా. తిరిగొచ్చిన మగవాళ్ళు అతన్ని ఎన్నెన్ని మాటలనేవాళ్ళో! నా సంగతి తెలిస్తే నన్ను ఇంకా పెద్ద మాటలనేవాళ్ళు. ముందు వరసలో మగవాళ్ళ మధ్య మూడేళ్ళున్న పిల్లని ఏమంటారో నీకు తెలీదా? ఒకసారి మే పండక్కి కోటు ఇస్త్రీ చేశాను. చేసి నేనే గుచ్చాను ఆ కోటుకి. అతను వద్దని ఏడ్చాడు. మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఎవరూ లేని కొత్త ఊళ్ళో ఉన్నాం అప్పుడు. నా పేరున్న పుస్తకం పొయ్యిలో పెట్టాను. ఇద్దరి సిగ్గూ ఆ ఒక్కదాంతో కప్పుకున్నాం బాబూ."

"మరి ఆ రోజు మాతో ఎందుకు చెప్పారమ్మా?"

"మీరెవరో నాకు తెలీదు గనక." ఆమె రోలు వంచి పొడి దులిపింది. "ఎలాగూ చేతిలోంచి పోతోంది. పోయే ముందు ఒక్కసారి పైకి అని చూద్దామనుకున్నాను. యాభై ఏళ్ళు లోపలున్న మాట, బయట ఎలా వినిపిస్తుందోనని. ఆ లావాటివాడు నవ్వినా ఫర్వాలేదు, నవ్వేవాళ్ళని చాలామందిని చూశాను. నువ్వు మర్యాదగా చెప్పావు. అందుకే నీ మాటకి ఒప్పేసుకున్నాను."

ఎల్గుజా తలొంచుకున్నాడు. గయోజ్ నవ్వును తను తిట్టుకున్నాడు ఇన్నాళ్ళూ.

తలుపు చప్పుడైంది. ముర్మాన్ కిరసనాయిలు డబ్బా గుమ్మంలో దించి లోపలికొచ్చాడు. నలభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం. తల్లికేసి చూడకుండా కొత్త మనిషికేసి చూశాడు.

"ఎవరీయన?"

"మీ నాన్న పతకం ఈయన దగ్గరుందట. మనకి తిరిగిచ్చేద్దామని వచ్చాడు" అంది దారెజాన్.

ముర్మాన్ టేబులు దగ్గరికి వచ్చి నక్షత్రాన్ని రెండు చేతుల్తో ఎత్తుకున్నాడు. రిబ్బనును బొటనవేలితో నిమిరాడు.

"ఎంతివ్వాలి మీకు?"

"ఏమీ వద్దండి."

"ఇలాంటి వాటి నంబరు పట్టి వివరాలు తీస్తారని విన్నాను. మీరు తీశారా?" ముర్మాన్ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "మా నాన్న ఎప్పుడూ చెప్పలేదండి. అడిగితే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. చిన్నప్పుడు బళ్ళో పిల్లలంతా వాళ్ళ నాన్నల గురించి చెప్తుంటే నేను కథలు కల్పించి చెప్పేవాణ్ణి. ఏం చేశాడాయన?"

ఎల్గుజా దారెజాన్‌కేసి చూశాడు. ఆమె స్టవ్వువైపు తిరిగి గింజలు కలుపుతోంది. వెనక్కి తిరగలేదు.

"చదువు బాబూ. నీ పుస్తకంలో రాసుకునే ఉంటావుగా" అంది.

అతను నోటుపుస్తకం తీశాడు. తన రాతే అతనికి కనబడడం లేదు. జార్జియన్‌లో ఆడకీ మగకీ ఒకటే మాట. వెళ్ళింది అన్నా, వెళ్ళాడు అన్నా ఒకలాగే వినిపిస్తుంది. వ్యానులో కూర్చుని రాసుకున్నప్పుడు ఆ సంగతి అతనికి తట్టనేలేదు. ఇప్పుడు తను ఒక్క అబద్ధం కూడా ఆడనక్కర్లేదని తెలిసి, చెమట పట్టింది. పేరున్న మొదటి వరస వదిలేసి రెండో వరస నుంచి మొదలుపెట్టాడు.

"1944 మే ఏడో తేదీ, సెవస్తోపోల్ దగ్గర కొండ. పొద్దుటి నుంచి చీకటి పడేదాకా తుపాకి గుళ్ళ మధ్య పాకుతూ వెళ్ళి, గాయపడ్డ ఇరవై ఆరుగురిని వాళ్ళ ఆయుధాలతో సహా వెనక్కి చేర్చిన సార్జెంటు. భుజంలో తూటా దిగినా ఆస్పత్రికి వెళ్ళడానికి నిరాకరణ. కట్టు కట్టుకుని మళ్ళీ ముందుకే. ప్రాణానికి వెరపన్నది లేదు."

గరిటె చప్పుడు ఎప్పుడాగిందో ఎల్గుజా గమనించలేదు. దారెజాన్ స్టవ్వు మంటకేసి చూస్తూ నిలబడి ఉంది. ఒక చెయ్యి ఏప్రను జేబులో ఉంది.

"ఇరవై ఆరుగురా?" అన్నాడు ముర్మాన్. "ఆ బక్క మనిషి మోసుకొచ్చాడా?"

"మోయరు" అంది ఆమె. "కోటు మీదకి దొర్లించి, చేతుల కింద బెల్టు వేసి లాగుతారు. లేచి నిలబడితే చస్తారు."

"నీకెలా తెలుసు?"

ఆమె గరిటె మళ్ళీ అందుకుంది.

"ఆయన చెప్పాడు" అంది దారెజాన్.

ముర్మాన్ లేచి అలమరలోంచి వైను సీసా తీశాడు. రెండు గ్లాసులు నింపాడు. గోడకున్న తండ్రి ఫొటో చట్రానికి ఆ పతకాన్ని గుచ్చి, వెనక్కి రెండడుగులు వేసి చూశాడు. తర్వాత గ్లాసెత్తాడు. ఎల్గుజా కూడా లేచాడు. చనిపోయినవాళ్ళ కోసం కూర్చుని తాగరు.

"మా నాన్న కోసం. ఇరవై ఆరుగురి కోసం. వాళ్ళలో ఇప్పుడు లేనివాళ్ళందరి కోసం" అన్నాడు ముర్మాన్. చనిపోయినవాళ్ళ వాటాగా రొట్టెముక్క మీద రెండు చుక్కలు ఒంపి, గ్లాసు ఖాళీ చేశాడు.

ఎల్గుజా కూడా రొట్టెమీద రెండు చుక్కలు ఒంపాడు. ఎవరి ఆత్మకని ఒంపుతున్నాడో ఆమె అయిదడుగుల దూరంలో నిలబడి చూస్తోంది. ఒంపాడు, తాగాడు. ఇరవై ఏళ్ళుగా ఇన్ని పతకాల వెనక ఇన్ని పేర్లు వెతికి పట్టుకున్నాడు. ఒక పేరును తన చేత్తో తనే పూడ్చడం ఇదే మొదటిసారి.

భోజనానికి ఉండమన్నారు. అతను ఉండలేకపోయాడు. దారెజాన్ తలుపుదాకా వచ్చి, మెట్ల దగ్గర గొంతు తగ్గించింది.

"బాగా రాశారు బాబూ. ఇలా రాశారని నాకు తెలీదు. అప్పుడు వరసలో నిలబెట్టి పేరు పిలిచి ఇచ్చారు, అంతే." తలుపుకేసి ఒకసారి వెనక్కి చూసింది. "ఒక్కటే. ఆయుధంతో సహా తెస్తేనే లెక్క. చేతిలో తుపాకీ లేకుండా దొరికినవాళ్ళని తెచ్చినా రాసుకునేవాళ్ళు కాదు."

"వాళ్ళెంతమంది?"

"ఎవరికి తెలుసు? ఒకడు మాత్రం దారి పొడుగునా నన్ను అక్కా అని పిలిచాడు. నాకంటే పెద్దవాడే."

ఆమె ఇంకా ఏదో చెప్పబోతోంది. అతను వినడానికి వంగాడు కూడా. ఇంతలో లోపలి నుంచి ముర్మాన్ కేక వేశాడు.

"అమ్మా! ఎక్కడున్నావు? రా, నీకూ పళ్ళెం పెట్టాను. చల్లారిపోతోంది."

దారెజాన్ ముఖం ఒక్కసారిగా మారిపోయింది. చేత్తో జుట్టు సవరించుకుంది, ఏప్రను జేబులోని కాగితాన్ని పైనుంచి నొక్కుకుంది.

"వస్తున్నా నాన్నా!" అని, ఎల్గుజా వైపు మళ్ళీ చూడకుండా తలుపేసుకుంది.

లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది. తర్వాత చెంచాల చప్పుడు. ఎల్గుజా మెట్టు మీద నిలబడి, ఆ తలుపు ఇంకోసారి తెరుచుకుంటుందేమోనని చాలాసేపు చూశాడు.